తిరుపతి పేజీలో కుక్కల జాకెట్లు కొనబాకండి

ఆ పేజీవాడు నన్ను ఇప్పుడే బ్లాక్ చేసినాడు, అందుకే వెంటనే రాస్తా ఉండా. ఏ పేజీనో మన పక్క కుక్కల్ని పెంచేవాళ్లకి చెప్పక్కర్లా, తిరుపతి నుంచి పెట్ జాకెట్లు అమ్ముతా రోజూ రీల్స్ పెడతాడే, ఆ మనిషే.

మాది పలమనేరు, మొగిలి ఘాట్ ఎక్కినాక ధనుర్మాసం చలి ఎట్లుంటాదో ఇక్కడోళ్లకి తెలుసు. మా బుజ్జి మిన్‌పిన్ అనే చిన్న జాతి కుక్క, ముసలిదైపోయింది, పొట్టి బొచ్చు, ఒంట్లో కొవ్వు లేదు. ఇంట్లో ఒంటికి పోదు, పొద్దున తలుపు తీస్తే గడప మీదే నిలబడి ఒక కాలెత్తుకుని వణకతా ఉంటాది, అంతసేపూ ఆపుకుంటాది పాపం. అందుకే 1150 ఫోన్‌పే చేసి జాకెట్ తెప్పించినా. లోపల ఫ్లీసు అనే మెత్తటి వెచ్చటి గుడ్డ, పొట్ట కూడా మూసుకుంటాది, సైజు తేడా వస్తే మారుస్తా మేడం అని వాడే వాట్సాప్‌లో రాసినాడు.

కార్గోలో వచ్చింది విప్పి చూస్తే ఫ్లీసు లేదు ఏమీ లేదు, పల్చటి స్పాంజి మీద వలగుడ్డ అతికించినాడు, పొట్ట కింద రెండు ఎలాస్టిక్ పట్టీలు, అంతే. ఆ పట్టీ ముందుకాలి సంకలో ఒరుసుకుని బొచ్చు ఊడి తోలు ఎర్రగా కందిపోయింది, మంచుకి స్పాంజి తడిసి ఇంకా వణికింది. తడిగుడ్డ ఒంటిమీదుంటే అసలు గుడ్డ లేనిదానికన్నా ఎక్కువ చలి.

ఫొటోలు, వీడియో పంపి మర్యాదగానే అడిగినా. దానికి వాయిస్ మెసేజ్ పెట్టినాడు, "వీధిలో ఇన్ని కుక్కలుండాయి, ఏదన్నా చలికి చచ్చిందా మేడం? మీ కుక్కకే రోగముంటే నన్నేం చేయమంటారు?" అని. వెనకాల ఎవరో నవ్వేది కూడా వినిపిస్తాంది. డబ్బులు పోతే పోనీండి, నోరులేని ముసలి జీవం, సంకలో మందు పూస్తా ఉంటే నొప్పికి మూలుగుతా నా చెయ్యే నాకతా ఉంది, దాన్ని పట్టుకుని అంత మాటా? ప్రతి రీల్‌లో కుక్కలంటే నాకు ప్రాణం అనే మనిషి అన్న మాట ఇది. ఫోన్ చేస్తే కట్ చేసినాడు, తర్వాత బ్లాక్.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చినా. మీరు ఎక్కడ కొన్నా మెడపట్టీ నుంచి తోక మొదలుదాకా, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి, లోపలివైపు వీడియో అడగండి, పార్సిల్ విప్పేటప్పుడు కూడా వీడియో తీయండి. బిల్లు ఇయ్యనోడికి ముందే డబ్బులు ఎయ్యబాకండి. ప్రస్తుతానికి మా పిల్లోడి పాత ఉన్ని స్వెట్టర్ కత్తిరించి కుట్టి ఏస్తా ఉండా, ఎండ వచ్చినాకే బయటికి తీసకపోతా ఉండా. వాడి వాయిస్ మెసేజ్ నా ఫోన్లోనే ఉంది, ఆర్డర్ పెట్టాలనుకునేవాళ్లు అడగండి, పంపిస్తా.