క్వీన్ మేరీ 2: అట్లాంటిక్ మీద ఏడు రాత్రుల తిండి, బట్టలు, గడియారం

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్, అమెరికాలోని న్యూయార్క్‌ల మధ్య ఏటా క్రమంగా తిరిగే లైనర్, అంటే సముద్రం దాటించే ప్రయాణికుల ఓడ, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అది కునార్డ్ కంపెనీ వాళ్ల క్వీన్ మేరీ 2. 2004లో మొదలైంది, 345 మీటర్ల పొడవు, 2016లో లోపల చాలా భాగం మార్చారు. మామూలుగా ఏడు రాత్రుల ప్రయాణం. దారిలో రేవు ఒక్కటీ ఉండదు కాబట్టి తిండి నచ్చకపోతే దిగి బయట తినే వీలు లేదు. తిండి బాగానే ఉంటుంది, శాకాహారులకు కూడా. కాకపోతే అడగాల్సింది అడగాల్సిన వేళకు అడగాలి.

టికెట్ కొనేటప్పుడే తేల్చుకోవాల్సింది రాత్రి భోజనం వేళ. మామూలు గదులవాళ్లు తినే బ్రిటానియా రెస్టారెంట్‌లో మన పెళ్లి భోజనాల్లాగే మొదటి బంతి, రెండో బంతి ఉంటాయి: ఆరింటికి ఒకటి, ఎనిమిదిన్నరకు ఇంకొకటి. ఎటు వెళ్తున్నారో చూసి ఎంచుకోండి. న్యూయార్క్ వైపు వెళ్తుంటే అయిదు రాత్రులు గడియారం గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. ఓడలో ఎనిమిదిన్నర అయ్యేసరికి ఒంటికి తొమ్మిదిన్నర అయినట్టుంటుంది. పెద్దవాళ్లకు మొదటి బంతే మేలు. ఇంగ్లండ్ వైపు వస్తుంటే మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఒంటిగంట చేసేస్తారు. అప్పుడు ఆరింటికి ఆకలే వేయదు, రెండో బంతి తీసుకోవాలి. బ్రిటానియా క్లబ్, ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్ గదులవాళ్లకు ఈ బంతుల గొడవ లేదు, కానీ ఆ ధరలు వేరు.

టేబుల్, వడ్డించేవాళ్లు వారమంతా మారరు. ఇద్దరికే ఉన్న టేబుల్ ఏకాంతమనిపిస్తుంది గానీ పక్క టేబుల్ మోచేతి దూరంలో ఉంటుంది. ఆరుగురో ఎనిమిదిమందో కూర్చునేదైతే కబుర్లకు బాగుంటుంది. మార్చుకోవాలంటే ఎక్కిన మధ్యాహ్నమే వెళ్లి అక్కడి మేనేజర్‌ను కలవండి. మూడో రోజుకు ఖాళీలు దొరకడం కష్టం.

శాకాహారులు ఆ సంగతి బుకింగ్‌లో రాయించాలి, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కు మళ్లీ చెప్పాలి. 'వెజిటేరియన్' అన్న ఒక్క మాట చాలదు. అక్కడి లెక్కలో గుడ్డు శాకాహారమే. కూరగాయల సూప్‌ను చికెన్ మరిగించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో చేప ఉంటుంది, మూస్, పన్నకోటా లాంటి తీపిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. తిననివన్నీ ఒక కాగితం మీద రాసి ఇస్తే ఆ కాగితం వంటగది దాకా పోతుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దంటే ముందురాత్రే మర్నాటి మెనూ అడిగి ఏది ఎలా చేయాలో చెప్పాలి. కుర్చీలో కూర్చున్నాక చెబితే ఉడికించిన కూరగాయల పళ్లెం వస్తుంది. తప్పు వంటవాళ్లది కాదు, సాస్‌లన్నీ పొద్దున్నే తయారై ఉంటాయి.

ఏడో డెక్ మీది కింగ్స్ కోర్ట్ బఫేలో అన్నం, ఏదో ఒక భారతీయ కూర తరచూ కనిపిస్తాయి. కారం మాత్రం ఇంగ్లిష్ వాళ్ల నాలుకకు తగ్గట్టు ఉంటుంది. సీలు తీయని పొడుల ప్యాకెట్లు రెండు పెట్టుకోండి. ఇక్కడి టీ, కాఫీ, నీళ్లు ఉచితం. పన్నెండున్నర దాటితే ఖాళీ టేబుల్ కోసం పళ్లెం పట్టుకుని తిరగాలి. ఆ వేళకు బ్రిటానియాలో కూర్చోబెట్టి వడ్డిస్తారు, దానికీ అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు. చాలామంది ఎందుకో ఆ సంగతే మర్చిపోతారు.

క్వీన్స్ రూమ్‌లో మూడున్నరకు ఇచ్చే టీ ఈ ఓడకు పేరు తెచ్చిన ముచ్చట. తెల్ల చేతితొడుగుల వెయిటర్లు, సంగీతం, స్కోన్లు అనే చిన్న బన్నుల్లాంటివి, వేలెడంత శాండ్‌విచ్‌లు. పావుగంట ముందు వెళ్తేనే చోటు. శాండ్‌విచ్‌ల పళ్లెంలో దోసకాయ ముక్కల పక్కనే సాల్మన్ చేప ఉంటుంది, కాబట్టి విడిగా శాకాహారం పళ్లెం అడగండి. ఆరింటి భోజనంవాళ్లు దీన్ని రోజూ కాకుండా రెండు రోజులకు పరిమితం చేసుకుంటే మంచిది.

సాయంత్రం ఆరు దాటాక బట్టల నియమం మొదలవుతుంది. ఏడు రాత్రుల్లో మామూలుగా రెండు గాలా రాత్రులు, అంటే బాగా ముస్తాబై రావాల్సినవి. మగవాళ్లకు డిన్నర్ జాకెట్ గానీ, టై కట్టి ముదురు రంగు సూట్ గానీ ఉండాలి. సంప్రదాయ జాతీయ దుస్తులకూ అనుమతి ఉంది, అంటే షేర్వాణీ, పట్టుచీర నిక్షేపంగా వేసుకోవచ్చు. ఇవేవీ వద్దనుకునేవాళ్లకు కింగ్స్ కోర్ట్, గోల్డెన్ లయన్ పబ్ ఉన్నాయి. చీరతో ఏడో డెక్ బయటికి వెళ్లాలంటే పిన్నులు గట్టిగా పెట్టుకోవాలి. జులైలో కూడా గాలి కోసేస్తుంది. నడకవాళ్లకు ఆ డెక్ చుట్టూ మూడు చుట్లు దాదాపు 1.8 కిలోమీటర్లు.

గది విషయంలో కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో తీసుకోవాలి. ఓడ పక్కలకు ఊగకుండా స్టెబిలైజర్లు ఆపుతాయి గానీ ముక్కు లేచి పడటాన్ని ఆపలేవు. ముందు చివర ఆ కుదుపు ఎక్కువ. నాలుగు, అయిదు, ఆరు డెక్కుల బాల్కనీలు ఓడ పొట్టలోకి తొలిచినవి: గాలి తక్కువ, కానీ ముందు ఉక్కు గోడ ఉండటంతో కుర్చీలో కూర్చుంటే సముద్రం కనబడదు. ఎనిమిదో డెక్ బాల్కనీల్లో చాలావాటికి లైఫ్‌బోట్లు అడ్డం.

బట్టలు ఉతికే యంత్రాలు, సబ్బు, ఇస్త్రీ బల్లలు ఉచితం. గాలా మర్నాడు రద్దీ. న్యూయార్క్ వైపు వెళ్లేటప్పుడు ఎలాగూ తెల్లారకముందే మెలకువ వస్తుంది, అప్పుడు కానిచ్చేయండి. సొంత ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ తేకూడదు. గదిలో బ్రిటిష్, అమెరికన్ సాకెట్లు ఉంటాయి, మన ప్లగ్గులకు అడాప్టర్ కావాలి. మద్యానికి, వెరాండా స్టీక్‌హౌస్ అనే రెస్టారెంట్‌కు, వైఫైకి విడిగా కట్టాలి. మనిషికి రోజుకింత అని సర్వీస్ చార్జీ డాలర్లలో పడుతుంది, దాన్ని టికెట్ ధరతో కలిపే బేరీజు వేయండి. ఇన్సులిన్ వాడేవాళ్లు 25 గంటల రోజులు, 23 గంటల రోజుల సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

భారతీయ పాస్‌పోర్టువాళ్లు న్యూయార్క్‌లో దిగాలంటే అమెరికా వీసా ముందే ఉండాలి, సౌతాంప్టన్‌కు చేరడానికి బ్రిటన్ వీసా వేరే. మాంసం పచ్చళ్లు అమెరికాలో, నెయ్యి, పాలకోవా బ్రిటన్‌లో దింపనివ్వరు. దిగే ముందురాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు, మందులు, పాస్‌పోర్టు వాటిలోకి పోకుండా చేతిసంచీలో వేరుగా ఉంచుకోండి, ఎందుకంటే ఆ పెట్టెలు మళ్లీ కనబడేది రేవు షెడ్డులోనే.