"గ్యారంటీ షాట్" అని రాసి ఉంటే అడ్వాన్స్ కట్టకండి

పక్షుల ఫోటోలు తీయడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. వృత్తి కాదు, సెలవు రోజు సరదా. ఈమధ్య ఒక రెండు రోజుల వర్క్‌షాప్‌కి డబ్బు కట్టి దెబ్బతిన్నాను. వాళ్ల పేరు రాయడం లేదు. ఒక్కళ్ల పేరు రాస్తే మిగతావాళ్లంతా మంచివాళ్లనుకునే ప్రమాదం ఉంది. ఎలా పట్టుకోవాలో మాత్రం చెబుతాను.

ప్రకటనలో "నైతిక వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీ" అని పెద్ద అక్షరాలు. దాని కిందే "లకుముకిపిట్ట డైవ్ గ్యారంటీ, గూటి షాట్ గ్యారంటీ". ఈ రెండూ ఒకే ప్రకటనలో ఎలా ఇముడుతాయని నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి పొద్దున లకుముకిపిట్ట. నీళ్ల పక్కన హైడ్ (మనం దాక్కుని ఫోటో తీసే మరుగు), ఎదురుగా నాచు పట్టిన అందమైన కొమ్మ. పిట్ట వచ్చి వాలింది, దూకింది, చేపతో లేచింది. పది నిమిషాలకి మళ్లీ అదే చోట. ఇంకోసారీ అదే చోట. మధ్యాహ్నం వెళ్లి చూస్తే, నీటి అంచున మునిగేలా పెట్టిన ప్లాస్టిక్ తొట్టి, అందులో బతికున్న చిన్న చేపలు. "దాని కడుపు నిండుతోంది కదా సర్, నష్టమేంటి?" అన్నాడు గైడ్. కొనుక్కొచ్చిన చేపలు తప్పించుకుంటే ఆ నీళ్లకి సంబంధం లేని జాతులూ, వాటితో పాటు రోగాలూ చేరతాయి. నిజం చెప్పాలంటే అప్పటికి నేనేమీ అనలేదు. ఫోటోలు బాగా వచ్చాయి మరి.

సాయంత్రం మ్యాక్రో క్లాస్, అంటే చిన్న జీవుల్ని మరీ దగ్గర్నుంచి ఫోటో తీయడం. ఐస్ డబ్బాలోంచి కప్పని తీసి ఆకు మీద పెట్టారు. "చూడండి, ఎంత బుద్ధిగా కూర్చుందో!" చల్లటి రక్తం ఉన్న జంతువు, చలికి కొయ్యబారిపోయింది. దానికి బుద్ధి అని పేరు.

రెండో రోజు గూడు. దారి పక్క పొదలో, నడుమెత్తులో, పికిలిపిట్టది. మూడు పిల్లలు. మేం ఏడుగురం. లోపల ఏదీ అడ్డం లేకుండా కనిపిస్తుంటే అదృష్టం అనుకున్నాను. కాసేపటికి చూపు ఆనింది. ముందున్న రెండు రెమ్మలు కోసేశారు, కోసిన చోట తడి ఇంకా ఆరలేదు. మూడోదాన్ని ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడుతో వెనక్కి లాగి కట్టారు. ఎండ నేరుగా పిల్లల మీద పడుతోంది. నోళ్లు తెరిచి ఉంటే ఆకలికి అనుకున్నాం. ఆకలికైతే మెడలు పైకి చాచి అరుస్తాయి. ఇవి తలలు గూటి అంచుకి వాల్చేసి, అరవకుండా రొప్పుతున్నాయి.

తల్లి ముక్కున ఆకుపచ్చ పురుగుతో పక్క కొమ్మ మీద ఉంది. అటు గెంతుతుంది, ఇటు గెంతుతుంది, గూటికి మాత్రం రాదు. మేత పట్టుకున్న పక్షి అలా తచ్చాడుతోందంటే మనం మరీ దగ్గర ఉన్నామని. ఇది నాకు తెలియక కాదు, తెలిసీ మురిసిపోతూ క్లిక్ చేశాను. ఆ రాత్రి ఫైళ్లు చూసుకుంటే మొదటి ఫ్రేమ్ టైమ్ 7:52, చివరిది 8:19. అన్నింటిలోనూ అదే పురుగు. ఇరవై ఏడు నిమిషాలు ఆ పిల్లలకి నీడా లేదు, తిండీ లేదు. మేం వెళ్లిపోయాక కాకి కంట పడకుండా దాచడానికి ఆకులూ లేవు. చాలదన్నట్టు గైడ్ ఆ గూటి లొకేషన్‌ని ఫోన్ గ్రూపులో పెట్టాడు. ఎవరికి వారు చూసిన జీవుల్ని నమోదు చేసే ఐనేచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ముప్పున్న జాతుల చోటు బయటివాళ్లకి కచ్చితంగా కనిపించకుండా మసకబారుస్తారు. ఇక్కడ తిరునాళ్లకి పిలిచినట్టు పిలిచారు.

తాడు సంగతి అడిగితే జవాబు ఇది: "పోటీకి పంపండి సర్, ప్రైజ్ ఖాయం." పోటీల సంగతీ చెప్పుకోవాలి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్‌లో 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫోటో మొదటి బహుమతి గెలిచింది. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉండొచ్చని తేల్చి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన బ్రెజిల్ యాంట్‌ఈటర్ (చీమలు తినే జంతువు) ఫోటోలో ఉన్నది చచ్చిన జంతువు తోలుతో చేసిన బొమ్మే అయి ఉండాలని 2018లో తేల్చి దాన్నీ రద్దు చేశారు. రేపు తాడు బయటపడితే పరువు పోయేది ఫోటో కింద పేరున్న మనకే, గైడ్‌కి కాదు.

డబ్బు వెనక్కి అడిగాను. "పిట్ట వచ్చిందా లేదా? ఫోటో వచ్చిందా లేదా?" అన్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టే లెక్క. రూపాయి కూడా రాలేదు.

కట్టేముందు ఫోన్ చేసి మొదట ఇది అడగండి: "పిట్ట రాకపోతే ఏం చేస్తారు?" "ఏం చేస్తాం, ఎదురుచూస్తాం, మరో రోజు చూసుకుందాం" అన్నవాళ్లని నమ్మొచ్చు. "రాకుండా ఎలా ఉంటుందండీ" అంటే తొట్టి ఎక్కడో సిద్ధంగా ఉన్నట్టే. గూళ్లు పెట్టే కాలంలో ఫోన్‌లో కూత వినిపించి పిలుస్తారా అని కూడా అడగండి. మగపక్షి తన చోటుకి పోటీదారు వచ్చాడనుకుని మేత మానేసి దానితో తగువుకి దిగుతుంది, అక్కడ లేని పక్షితో. వాళ్ల పాత ఫోటోలు వరసగా చూడండి. వేర్వేరు నెలల్లో వేర్వేరు పిట్టలు అదే నాచు కొమ్మ మీద, అదే మూలకి చూస్తూ కనిపిస్తే మేత ఎక్కడ పెట్టారో మీకే తెలిసిపోతుంది. వానపాము మీదో నత్త మీదో ఎక్కి చేతులూపే కప్పలుంటే ఇక ఫోన్ కూడా దండగ.

ఇంకో పొరపాటు చేశాను. గూటి సెషన్ అవగానే "మీ బెస్ట్ ఫోటో ఒకటి ఇవ్వండి సర్, గుర్తుగా" అంటే ఇచ్చేశాను. తీసేయమని మూడుసార్లు రాశాను. కొత్త బ్యాచ్ ప్రకటనలో ఇప్పటికీ అదే ఉంది: ముక్కున ఆకుపచ్చ పురుగుతో పికిలిపిట్ట. ఎడమవైపు కాస్త ఎక్కువే కత్తిరించారు. తాడు ఉన్నది ఆ వైపే.