నడకా, షటిలా?

మధుమేహం ఉన్నవారికి వారానికి 150 నిమిషాల వ్యాయామం కావాలన్నప్పుడు ఎక్కువగా ఎదురయ్యే సందేహమిది.

ఖర్చు: నడకకు మంచి బూట్లు చాలు, షటిల్‌కు బ్యాటు, కాక్‌లు, కోర్టు అద్దె తోడవుతాయి.

శ్రమ: రాత్రి భోజనమయ్యాక పావుగంట వీధి చివరిదాకా నడిచివచ్చినా కండరాలు గ్లూకోజును వాడుకోవడం వల్ల రక్తంలో చక్కెర అంతగా పెరగదు. షటిల్ నిండు కడుపుతో ఆడలేము, జోడీ కూడా కుదరాలి; అయితే ఆట రక్తి కడితే గంట గడిచినట్టే తెలియదు, ఈ సుగుణం నడకకు తక్కువే.

ప్రమాదం: ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రలు గానీ వాడేవారికి ఆట మధ్యలో చేతులు వణికి, చెమటలు పట్టి చక్కెర పడిపోవచ్చు కనుక జేబులో గ్లూకోజు పొడి ఉండాలి. పాదాలకు స్పర్శ తగ్గినవారు నడకకైనా బూట్లు దులిపి, లోపల చేత్తో తడిమి చూశాకే తొడుక్కోవాలి.

మోకాళ్లు, గుండె, రెటీనా (కంటి లోపలి పొర) బాగున్నాయని వైద్యులు చెప్పినవారికి షటిల్ తగును. అలా కానివారికి, తోడు దొరకనివారికి నడకే మేలు.