గుంటూరు కొత్తపేటలో మల పరీక్ష: ఒక చిన్న ల్యాబు పనితీరుపై సమీక్ష

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల బోర్డుల నడుమ రక్తపరీక్షలు చేసే ల్యాబులకు కొదవ లేదు. థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ కలిపి తగ్గింపు ధరకు చేస్తామనే బోర్డులు ప్రతి సందులోనూ కనిపిస్తాయి. మల పరీక్షను శ్రద్ధగా చేసే చోటు మాత్రం వెతికితే గాని దొరకదు. ఈ పరీక్షలో యంత్రానికి పని తక్కువ. మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి ఓపిక, అనుభవం, నమూనా అక్కడికి ఎంత తాజాగా చేరిందన్న విషయం, ఈ మూడింటి మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. ఇటీవల మా ఇంట్లో ఇద్దరికి పేగు పురుగుల పరీక్ష చేయించవలసి రావడంతో ఆ పేటలోనే ఒక చిన్న ల్యాబుకు వెళ్లాము. లోపాలు కూడా రాస్తున్నాను కనుక పేరు చెప్పడం లేదు. మంచి ల్యాబును గుర్తుపట్టడానికి ఏమేమి గమనించాలో తెలిస్తే పేరుతో పెద్దగా పని ఉండదు.

మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లె. ఇప్పటికీ పొలం గట్ల మీద చెప్పులు లేకుండానే నడుస్తారు. ఆయాసం, నీరసం ఎక్కువై రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తగ్గిందని తేలింది. ఐరన్ మాత్రలు వాడుతున్నా అది పెరగకపోవడంతో డాక్టరు మల పరీక్ష రాశారు. మొదట మేము ఇంటికి దగ్గరలో ఉన్న ఒక సేకరణ కేంద్రంలో నమూనా ఇచ్చాము. వారు దానిని వేరే ఊరిలోని తమ పెద్ద ల్యాబుకు పంపించి, మర్నాడు రంగుల కాగితం మీద ఏమీ కనబడలేదని రిపోర్టు ఇచ్చారు. ఎండాకాలంలో అన్ని గంటలు డబ్బీలో ఉండిపోయిన నమూనాను చూసి ఏమీ లేదని తేల్చడం సరికాదని కొత్తపేట ల్యాబులో మాట్లాడిన తరువాతే అర్థమైంది. నీళ్లలాంటి విరేచనంలో కదిలే అమీబాలను (పేగులో చేరే ఏకకణ పరాన్నజీవులను) పట్టుకోవాలంటే అరగంటలోపే చూడాలి. కొంకిపురుగు (హుక్‌వర్మ్) గుడ్లు వెచ్చని వాతావరణంలో ఎక్కువసేపు ఉంటే పొదిగి పిల్లలవుతాయి. అప్పుడు వాటిని వేరొక జాతి పురుగు పిల్లలుగా పొరబడే ప్రమాదం ఉంది.

కొత్తపేట ల్యాబులో మొదట నచ్చినది వారు అడిగిన ప్రశ్నలు. డబ్బీ చేతికిచ్చే ముందే టెక్నీషియన్ మా అత్తగారిని, "ఈమధ్య ఆముదం తాగారా అమ్మా? విరేచనాలకు ఏమైనా మాత్రలు వేసుకున్నారా?" అని అడిగారు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఆముదం ప్రశ్న చాలా అవసరం. నూనె కలిసిన నమూనాలో బిందువులు అడ్డుపడి గుడ్లు సరిగా కనిపించవు. యాంటీబయాటిక్ వాడిన వెంటనే పరీక్ష చేయించినా పరాన్నజీవులు కొంతకాలం కనబడకుండా పోవచ్చు. మూత్రం కలవకూడదని, మరుగుదొడ్డి నీటిలో పడినదాన్ని తీయకూడదని, వెడల్పు మూత డబ్బీలో చిన్న చెంచాతో తీసి, మూత గట్టిగా బిగించి వీలైనంత త్వరగా తేవాలని తెలుగులో విడమరచి చెప్పారు. ఒక్క నమూనాతో ఆగకుండా రోజు విడిచి రోజు మూడు నమూనాలు ఇమ్మన్నారు. ఇది డబ్బుల కోసమేనని పక్కన కూర్చున్న ఒకాయన గొణిగారు గాని, ఆ సలహాలో తప్పు లేదు. పురుగులు గుడ్లను, జియార్డియా వంటి ఏకకణ పరాన్నజీవులు తమ సిస్టులను (గట్టి పొరలో ఉండే రూపాలను) రోజూ ఒకే మోతాదులో వదలవు.

రెండవ నమూనాలో కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. దీని పిల్లలు తడి మట్టిలో నుంచి ఒట్టి కాలి చర్మాన్ని తొలుచుకుని లోపలికి వెళ్తాయి. రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గొంతుకు, ఆపై మింగుడుపడి పేగుకు చేరతాయి. పేగు గోడను కరచి పట్టుకున్న ఒక్కొక్క పురుగు వల్ల పోయే రక్తం రోజుకు మిల్లీలీటరులో చిన్న భాగమే అయినా, అవి వందల్లో ఉండి ఏళ్ల తరబడి పీలుస్తుంటే ఐరన్ మాత్రలు చిల్లుకుండలో పోసిన నీళ్లే అవుతాయి. డాక్టరు పురుగుల మందైన ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చి, ఐరన్ మాత్రలు కొనసాగించమని, కొన్ని వారాల తరువాత మళ్లీ మల పరీక్ష చేయించమని చెప్పారు. ల్యాబు వారు తామే మందు రాయకుండా రిపోర్టు డాక్టరుకు చూపించమన్నందుకు వారిని మెచ్చుకోవాలి.

రెండవవాడు మా మేనల్లుడు. రాత్రిపూట మలద్వారం దగ్గర దురదతో నిద్రపోడు. బెల్లం, చాక్లెట్లు తినడం వల్లనే నులిపురుగులు వచ్చాయని ఇంట్లో అందరూ వాడినే తిట్టారు. తీపి తింటే పురుగులు పుట్టవు. గుడ్లు నోట్లోకి వెళ్తేనే వస్తాయి. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై తరువాత దేశమంతటికీ విస్తరించిన జాతీయ నులిపురుగుల నివారణ దినాల్లో 1 నుంచి 19 ఏళ్ల వారికి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను వాడు కూడా చప్పరించాడు. కొన్నాళ్లు దురద తగ్గి మళ్లీ మొదలైంది. దీనికి మామూలు మల పరీక్ష పనికిరాదని టెక్నీషియనే చెప్పి, గాజు పలకలు చేతికిచ్చారు. దురద తెచ్చే ఈ నులిపురుగుల్లో (పిన్‌వర్మ్) ఆడది రాత్రివేళ బయటికి వచ్చి చర్మం మీద గుడ్లు పెడుతుంది కనుక, పొద్దున్నే స్నానానికి, దొడ్డికి వెళ్లకముందే పారదర్శకమైన సెల్లో టేపును అక్కడ అద్ది గాజు పలకకు అంటించి తేవాలి. ఒక రోజు కనబడకపోతే మరో రెండు ఉదయాలు అలాగే చేయాలి. పిల్లవాడి సిగ్గును పోగొట్టడమే ఈ పరీక్షలో కష్టమైన భాగం.

గుడ్లు కనిపించాయి. మాత్ర పురుగులను చంపుతుంది గాని గుడ్లను సరిగా చంపదు. అందుకే రెండు వారాలకు మరో మోతాదు వేయాలని, ఇంట్లో ఉన్నవారంతా ఒకే రోజు వేసుకోవాలని డాక్టరు చెప్పారు. గోళ్లు కత్తిరించడం, పొద్దున్నే స్నానం చేయించడం, దుప్పట్లను వేడినీళ్లలో ఉతకడం కూడా మందుతో సమానమేనన్నారు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఉన్నవారు, డాక్టరును అడగకుండా ఈ మాత్ర వేసుకోకూడదు. ఇదే మాత్ర మరో రకం పేగు పురుగైన కొరడాపురుగు (విప్‌వర్మ్) మీద ఒక్క మోతాదుతో అంతగా పనిచేయదు. అమీబాకు మందే వేరు. కడుపులో ఏది ఉన్నా మందుల షాపులో ఒక నులిపురుగుల మాత్ర కొనుక్కుంటే సరిపోతుందనే మన అలవాటు ఇక్కడే దెబ్బతింటుంది.

రిపోర్టు విషయంలో ఒక చిన్న నిజాయితీ నన్ను ఆకట్టుకుంది. మా అత్తగారి మొదటి నమూనాలో అమీబా సిస్టులు కొన్ని కనిపించగా, దానికి "హిస్టోలిటికా లేదా డిస్పార్" అని రాశారు. ఈ రెండింటిలో మొదటిది రక్త విరేచనాలు, కాలేయంలో చీముగడ్డ తెచ్చేది. రెండవది సాధారణంగా హాని చేయనిది. మామూలు మైక్రోస్కోపు కింద సిస్టులు ఒకేలా ఉంటాయి. చాలా రిపోర్టుల్లో మొదటి పేరే ధైర్యంగా రాసేయడం, ఆ కాగితం చూసి లక్షణాలు లేనివారు కూడా అమీబాకు వాడే మెట్రోనిడజోల్ మాత్రలు మింగడం మన ఊళ్లలో జరుగుతూనే ఉంది.

ఇక లోపాలు. రిపోర్టు అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. నోటితో తెలుగులో అంత చక్కగా చెప్పేవారు కాగితం మీద నాలుగు తెలుగు మాటలు రాయలేరా అనిపిస్తుంది. ధరల పట్టిక గోడ మీద లేదు. నమూనాలోని గుడ్లను వడపోసి చిక్కబరిచే పద్ధతి వారి దగ్గర ఉంది, తక్కువ సంఖ్యలో ఉన్న గుడ్లను పట్టుకోవడానికి అదే మేలు, కానీ దానికి రుసుము వేరని అడిగితే గాని చెప్పరు. అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించినది, చేతులు సబ్బుతో కడుక్కోవాలని బొమ్మలతో పెద్ద పోస్టరు అంటించిన ఆ ల్యాబు మరుగుదొడ్డిలో సబ్బు లేకపోవడం. అడిగితే తెచ్చి పెట్టారు. రెండవసారి వెళ్లినప్పుడు మళ్లీ లేదు.

వారాల తరబడి విరేచనాలు, కారణం తెలియని రక్తహీనత, పిల్లల్లో రాత్రి దురద వంటివి ఉన్నవారికి ఈ ల్యాబును, లేదా ఇలా ప్రశ్నలు అడిగే మరే ల్యాబునైనా, నిస్సంకోచంగా సూచిస్తాను. రక్తం, చీము పడుతున్నా, జ్వరం ఉన్నా ల్యాబు కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నమూనాను ఉదయం పది గంటలలోపు ఇస్తే ఆ పూటే చూస్తారు. ఆదివారం నమూనాలు తీసుకుంటారు గాని మైక్రోస్కోపు చూసే ఆవిడ ఆరోజు రారు. కనుక సోమవారం దాకా ఆగి తాజాగా ఇవ్వడమే మంచిది.