ముడసర్లోవలో గోల్ఫ్, బీచ్ రోడ్డులో గది

విశాఖలో గోల్ఫ్ పోటీ చూడ్డానికి వెళ్లేవాళ్లు బీచ్ రోడ్డులో గది తీసుకోకండి. మేం తీసుకుని అనుభవించాం.

విజయవాడ నుంచి రత్నాచల్‌లో మధ్యాహ్నానికి దిగాం. సముద్రం కనబడే గదే కావాలని మా బావమరిది పట్టుబట్టాడు. కనబడింది, బాల్కనీలో నిలబడి మెడ బాగా తిప్పితే. గీజర్ పనిచెయ్యలేదు. తెల్లవారుజామున అయిదింటికి కింద పలికే మనిషి లేడు. ఆటేమో ఊరికి ఇంకో వైపు, ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో. గోల్ఫ్ పొద్దున్నే మొదలైపోతుంది. రెండు క్యాబ్‌లు క్యాన్సిల్ అయ్యాయి, ఆటో అతను అడిగినంతా ఇచ్చాం. ఆ రాత్రికే ఎంవీపీ కాలనీలో ఒక మామూలు లాడ్జికి మారిపోయాం. అలల చప్పుడు లేదు గానీ వేడినీళ్లున్నాయి, సందు చివర ఇడ్లీ బండి ఉంది, హనుమంతవాక, ఆరిలోవ మీదుగా దారి సులువు.

ఇక ఆట. ఇలాంటి ప్రొఫెషనల్ పోటీ మామూలుగా నాలుగు రోజులు. రోజుకు 18 చొప్పున 72 హోల్స్, అంటే బంతి వెయ్యాల్సిన గుంతలు. 36 అయ్యాక కట్ ఉంటుంది, వెనకబడినవాళ్లు ఇంటికే. మేం చూసింది చివరి రోజు ఆట, మర్నాడు ప్రొఫెషనల్స్‌తో సరదా ఆటగాళ్లు కలిసి ఆడిన ప్రో-ఆమ్. మొదటి గంట ఒక ఆటగాడి వెంట నడిచాం. కొట్టిన చప్పుడు వినబడుతుంది, బంతి మాత్రం ఎటు పోయిందో తెలియదు. "బావా, ఒకడు కొట్టడం, పదిమంది నడవడం, ఇదేం ఆట?" అన్నాడు మావాడు. తర్వాత ఒక గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) పక్కన చెట్టు నీడలో కూర్చున్నాం. అప్పటి నుంచీ అర్థమైంది. నాలుగడుగుల పట్, అంటే బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బ, తప్పినవాడి మొహం దగ్గర్నుంచి చూడాలి!

ప్రో-ఆమ్ ఇంకా సరదా. ఒక ప్రొఫెషనల్, ముగ్గురు అమెచ్యూర్లు కలిసి ఒక జట్టు. మేం చూసింది స్క్రాంబుల్ పద్ధతి: అందరూ కొడతారు, మంచి చోట పడిన బంతి దగ్గర్నుంచే మళ్లీ అందరూ కొడతారు. జట్టంతా చేతులెత్తేసిన పట్‌ని ఒక పెద్దాయన వేసేసి, టోపీ గాల్లోకి విసిరారు.

2022లో మొదలైన లివ్ గోల్ఫ్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో లెక్క ఇంకోలా ఉంటుందని మావాడికి చెప్పాను. అక్కడ అదే దెబ్బ సొంత స్కోరుకూ, నలుగురి జట్టు స్కోరుకూ పనికొస్తుంది. మన గోల్ఫర్ అనిర్బన్ లాహిరి ఉన్న క్రషర్స్ అనే జట్టు 2023లో జట్టు టైటిల్ కొట్టింది. మొదట్లో అక్కడ 54 హోల్సే ఆడేవారు. రోమన్ అంకెల్లో ఎల్, ఐ, వి అంటే 54, పేరు అందుకే. "అయితే జట్టులో ఒకడు చెడగొడితే మిగతా ముగ్గురు తిట్టుకుంటారన్నమాట," అన్నాడు మావాడు. ఆట పట్టుబడిందనుకున్నాను.

మంచినీళ్లు, టోపీ, నడకకు పనికొచ్చే బూట్లు తప్పనిసరి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మధ్యాహ్నానికి ఖాళీ అయితే అదే రోడ్డున అడవివరం దాకా పోయి సింహాచలం దర్శనం చేసుకోవచ్చు. మేం అలాగే చేశాం. కొండ దిగేసరికి కాళ్లు పీకేస్తున్నా, మావాడు ఆర్కే బీచ్‌కి వెళ్లి మురీ మిక్చర్ తిందామన్నాడు. సముద్రం కూడా తీరిగ్గా అక్కడే చూశాం, ఒక్క పైసా గది అద్దె లేకుండా.