రీ-ఆర్గ్: చిన్న మ్యూజియం వెనక గదికి ఉచితంగా దొరికే మందు, ఏడాది వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఇది డబ్బు పెట్టి కొనే వస్తువు కాదు. రోమ్‌లో ఇక్రోమ్ అని ఒక సంస్థ ఉంది, పాత కట్టడాలూ పాత వస్తువులూ ఎలా కాపాడుకోవాలో ప్రపంచమంతా తిరిగి నేర్పుతుంటుంది. ఆ సంస్థ యునెస్కోతో కలిసి చిన్న మ్యూజియంల స్టోర్ రూములు సర్దుకోవడానికి తయారుచేసిన పద్ధతి పేరు రీ-ఆర్గ్. వర్క్‌బుక్కు, ఫారాలు, మార్కులు వేసుకునే పట్టిక అన్నీ పీడీఎఫ్‌లుగా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 10,000 వస్తువుల లోపు ఉన్న చోట్లని మనసులో పెట్టుకుని రాశారు. ఏడాదిగా వాడుతున్నా, ఐదుకి నాలుగు ఇస్తా.

మా మ్యూజియంలో జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. నలుగురం వాలంటీర్లం, వారానికి రెండు రోజులు తెరుస్తాం. ముందున్న రెండు గదులు చూసినవాళ్ళు బాగుందనే అంటారు. వెనక గది ఎవరికీ చూపించం. ఇన్నేళ్లుగా ఎవరేమిచ్చినా తీసుకున్నాం, వద్దంటే ఏమనుకుంటారో అని మొహమాటం. కుట్టుమిషన్లే ఆరున్నాయి. త్రాసులు, స్కూలు రిజిస్టర్లు, ట్రంకు పెట్టెల నిండా ఫోటోలు, వాటి మీద ఎప్పుడో జరిగిన కార్యక్రమాల బ్యానర్లు, విరిగిన కుర్చీలు, సగం వాడిన పెయింటు డబ్బాలు. ఒకసారి ఒకావిడ వచ్చి, "మా నాన్నగారి డైరీ మీకే ఇచ్చాం, ఒక్కసారి చూసిపోతాను" అన్నారు. వెతికి ఫోన్ చేస్తామమ్మా అని పంపించేశాం. అది దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. బ్యానర్ల కిందే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు గానీ, అనుంటేనే బాగుండేదనిపించింది.

రీ-ఆర్గ్‌లో నాకు బాగా నచ్చినవి పది కొలతలు. స్టోరు ఎలా ఉండాలో ఉపన్యాసం ఇవ్వకుండా, ఉందా లేదా అని సూటిగా అడుగుతాయి. స్టోరు బాధ్యత శిక్షణ పొందిన ఒక మనిషి మీద ఉందా? ఆ గదిలో సేకరణ వస్తువులు తప్ప ఇంకేమైనా ఉన్నాయా? నేల మీద ఏదైనా పెట్టారా? ఏ వస్తువైనా మూడు నిమిషాల్లో ఎక్కడుందో చెప్పగలరా? దాన్ని తియ్యడానికి రెండింటికి మించి వేరేవి జరపాల్సి వస్తోందా? ఇలా సాగుతుంది. మేం రిజిస్టర్‌లోంచి గుడ్డిగా యాభై వస్తువుల నంబర్లు తీసి, గడియారం పెట్టుకుని వెతికాం. మూడు నిమిషాల్లో తొమ్మిది దొరికాయి. మిగతా వాటిలో ఆరు ఆ సాయంత్రానికి కూడా దొరకలేదు. మా కోశాధికారిగారైతే "ఈ లెక్క ఎక్కడా రాయకండి" అన్నారు. పదేళ్లుగా ఏటా నివేదికలో 'సేకరణ భద్రంగా ఉన్నది' అని రాస్తున్నది ఆయనే మరి. సిగ్గుపడాల్సింది మేమొక్కళ్ళమే కాదని తర్వాత తెలిసింది. 2011లో ఇక్రోమ్, యునెస్కో 136 దేశాల్లో చేసిన సర్వేలో, స్టోర్ రూముల్లో ఉన్న సేకరణల్లో 60 శాతం ప్రమాదంలో ఉన్నాయని తేలిందట.

రీ-ఆర్గ్ చెప్పే మొదటి పని కొనడం కాదు, ఖాళీ చెయ్యడం. ర్యాకులు లేవు, గది చాలదు, డబ్బుంటే అన్నీ చేసేవాళ్ళం అని ఎన్నాళ్లుగానో ఏడుస్తున్నాం కదా, సేకరణకి సంబంధం లేని చెత్త బయట పెట్టేసరికి గదిలో పావు వంతు చోటు వచ్చింది. ఒక్క పైసా ఖర్చు లేదు. తర్వాత గది కొలతలు తీసి కాగితం మీద ప్లాను గీసి, ఏ రకం వస్తువు ఎక్కడికి పోవాలో ముందు కాగితం మీదే తేల్చుకున్నాకే ఒక్క పెట్టె కదిపాం. ఈ ప్లాను గీసే భాగం విసుగు, అబద్ధం చెప్పను, కానీ దాన్ని దాటేసి సర్దడం మొదలుపెడితే చెత్తని ఒక మూల నుంచి ఇంకో మూలకి మార్చినట్టే ఉంటుంది. మేం ఇదివరకు రెండుసార్లు అదే చేశాం.

నంబర్లు వెయ్యడం గురించి ఒక మాట. నంబరు పోయిందంటే ఆ వస్తువు ఎవరిదో, ఎక్కడిదో, ఎందుకుందో అన్నీ పోయినట్టే, ఇక మిగిలేది ఒక పాత సామాను. సేకరణల్ని నాశనం చేసే పది కారణాల్లో నిప్పు, నీళ్లు, పురుగులతో పాటు దీన్ని కూడా లెక్కేస్తారు. కాగితాలకీ ఫోటోలకీ వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో రాస్తే చాలు. లోహం, పింగాణీ లాంటివాటికి పారలాయిడ్ బీ-72 అనే పారదర్శకమైన పూత వేసి, ఆరాక దాని మీద సిరాతో రాసి, పైన ఇంకో పూత వెయ్యాలి. తీసెయ్యాలంటే అసిటోన్ అనే ద్రావకంతో తుడిస్తే పోతుంది. మాకంటే ముందువాళ్ళు ఫోటోల ముఖం మీదే స్టిక్కర్లు అంటించిపోయారు, చేతులెత్తి దణ్ణం.

సాఫ్ట్‌వేర్ లేకుండా ఎలా అంటారేమో. మాకు స్ప్రెడ్‌షీటు, దానికి తోడు బైండు చేయించిన రిజిస్టరు సరిపోయాయి. అంతకుముందు ఏటా చందా కట్టే ఒక క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. ఒక ఏడాది చందా కట్టలేకపోయేసరికి మా ఫోటోలు మాకే డౌన్‌లోడ్ కాలేదు. చందా ఆగిపోతే మీ డేటా ఏ రూపంలో చేతికొస్తుందో ముందు అడిగి, రాతపూర్వకంగా తీసుకుని అప్పుడు చేరండి.

ఇక డబ్బు సంగతి. నేను ఒక స్టార్ తగ్గించింది ఇక్కడే, కానీ ఎక్కువ లాభం వచ్చింది కూడా ఇక్కడే. విరాళమిచ్చేవాళ్ళకి గాజు బీరువా కావాలి, ప్రారంభోత్సవం కావాలి, ఫోటో కావాలి. వెనక గదిలో ఇనుప ర్యాకు మీద తన పేరు రాయించుకుంటానని వచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మేం కూడా దరఖాస్తుల్లో 'మన వారసత్వాన్ని భావి తరాలకు అందించాలి' అనే రాసేవాళ్ళం, అది చదివి ఎవరి గుండె కరుగుతుంది? ఈసారి 212 వస్తువులు నేల మీదున్నాయి, ఇన్ని ర్యాకులుంటే అన్నీ పైకెక్కుతాయి, ఇదిగో ప్లాను, ఇదిగో మా యాభై వస్తువుల పరీక్ష అని రాశాం. తొమ్మిది అన్న అంకె దాచలేదు. ర్యాకులు వచ్చాయి. ఇచ్చినాయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "వచ్చే ఏడాది మళ్లీ ఇదే పరీక్ష చేసి నాకు చెప్తారా?" అని. చేశాం. నలభై ఒకటి.

కానీ కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు, కారే పైకప్పు, ఇవి ఎవరి ప్రాజెక్టులోనూ ఇమడవు. ఆ రోజువారీ ఖర్చు ఎక్కణ్ణుంచి తేవాలో రీ-ఆర్గ్ చెప్పదు, చెప్పడం దాని పని కూడా కాదనుకోండి, అయినా నాలాంటివాడు దాని కోసమే వెతుక్కుంటాడు. ఏటా కొంచెం కొంచెం కట్టే సభ్యులే మాకు ఆధారం. సర్దుడు మధ్యలో కమిటీలో ఒకాయన, "కుట్టుమిషన్లు ఆరెందుకండీ, నాలుగు అమ్మితే కరెంటు బిల్లు తీరిపోతుంది కదా" అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మ్యూజియంల అంతర్జాతీయ మండలి ఐకామ్ నీతి నియమావళి ప్రకారం, సేకరణలోంచి తీసేసినవాటి మీద వచ్చిన డబ్బు సేకరణ కోసమే, మామూలుగా కొత్త వస్తువులు తెచ్చుకోవడానికే వాడాలి. పైగా ఆ ఆరింటిలో మూడింటికి అసలు కాగితమే లేదు. ఇచ్చేశారా, దాచమని పెట్టి వెళ్లారా ఎవరికీ తెలియదు. మనది కానిది ఎలా అమ్ముతాం? ఆ రోజు నుంచి ఇచ్చినవాళ్ళ సంతకంతో ఫారం లేనిదే గుండుసూది కూడా తీసుకోవడం లేదు.

మొదలుపెట్టేవాళ్ళు ఫైళ్లన్నీ ఒకేసారి ప్రింటు తియ్యకండి, చూసి బెదిరిపోతారు. మార్కుల పట్టిక ఒక్కటే తీసుకుని, కమిటీలో అందరూ విడివిడిగా నింపి, పక్కపక్కన పెట్టి చూడండి. మా నలుగురికీ నాలుగు రకాల మార్కులు వచ్చాయి, సగం రోజు గొడవతోనే సరిపోయింది, ఆ గొడవలోనే అసలు విషయాలన్నీ బయటపడ్డాయి. పనిచేసే చేతులు తక్కువైతే మాత్రం మాలాగే ఏడాది పడుతుంది. మాకింకా రెండు ట్రంకు పెట్టెలు తెరవడం మిగిలే ఉంది. తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయో పాత కార్యదర్శిగారిని కనుక్కోవాలి.