ఆడవేషం అద్దె సెట్టు: జడకి తొంభై మార్కులు, గడ్డానికి సున్నా

పాలకొల్లు వైపు నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే ఒక దుకాణంలోని ఆడవేషం సెట్టు మీద ఈ రివ్యూ. దుకాణం పేరు అనవసరం. సంక్రాంతికీ, శివరాత్రికీ, శ్రీరామనవమికీ డెల్టా అంతా తిరిగే ట్రంకు పెట్టెల్లో సరుకు ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది, లోపాలూ ఒక్కలాగే ఉంటాయి.

సెట్టులో వచ్చేవి ఇవీ: ముడి విగ్గు, జడ విగ్గు ఒక్కోటి, కుట్టిన చీర ఒకటి, మామూలు చీర ఒకటి, లంగా, రెండు జాకెట్లు, స్పాంజి పేడ్లు, గిల్టు నగలు, మేకప్ డబ్బా. రాత్రికి అద్దె 800, అడ్వాన్సు 1500. పద్యనాటకమైనా సాంఘికమైనా రేటు ఒకటే. మర్యాదకి లోటు లేదు. "ఎన్ని సీన్లండీ? మనిషి పొడుగెంతండీ?" అని అడుగుతారు, ఈలోగా టీ చెబుతారు. అసలు అడగాల్సింది మాత్రం అడగరు: చీర కట్టినవాడు మగాడని చూసేవాళ్ళకి తెలియాలా, తెలియకూడదా?

ఎందుకంటే ఆడవేషం ఒకటి కాదు, రెండు. సత్యభామ, చంద్రమతి, చిత్రాంగి లాంటివి స్త్రీ పాత్రలు. అక్కడ వేసినవాణ్ణి జనం మరిచిపోవాలి. రెండోది మారువేషం. కథలో ఉన్న మగాడే ఏదో అవసరానికి చీర చుట్టుకుని వస్తాడు. ఇల్లు అద్దెకి దొరకడానికి స్నేహితుణ్ణి పెళ్ళాంగా చూపించేవాడు, సైరంధ్రికి బదులు ముసుగేసుకుని కీచకుడి కోసం కాచుకున్న భీముడు ఈ కోవలోకి వస్తారు. ఇక్కడ స్టేజీ మీదున్న వాళ్ళకి తెలియకూడదు, కింద కూర్చున్న వాళ్ళకి క్షణక్షణం తెలుస్తూనే ఉండాలి. నవ్వంతా ఆ సందులోంచే పుడుతుంది. దుకాణం ఇచ్చేది మొదటి రకానికి కుట్టిన సెట్టు. దాన్నే రెండో రకానికీ తగిలించి పంపేస్తారు.

ముందు మంచి చెప్పాలి. జడ బాగుంది, చాలా బాగుంది. నెత్తిన సూర్యుడూ చంద్రుడూ, వెనక రాగిడి, కిందికి జడబిళ్ళలు, చివర మూడు జడకుప్పెలు. బిళ్ళలు అట్టకి అంటించినవి కావు, గుడ్డ పట్టీకి దారంతో కుట్టినవి. అందుకే నటుడు తిరిగినప్పుడు జడ కర్రలా నిలబడకుండా ఒంటితో పాటు ఊగుతుంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ మనిషి కనిపించకముందే తెర మీదుగా జడ వేస్తుంది. జడంటే అక్కడ నగ కాదు, సవాలు. పద్యనాటకంలో అంత తంతు లేకపోయినా, బాపట్ల నుంచి వచ్చి ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు తన సత్యభామకి కావలసిన పాట తానే రాసుకుని ఆడిన సంప్రదాయం మనది. ఆ పాత్ర కట్టేవాడికి వీపు కూడా మొహం లాంటిదే. ఈ జడతో వీపు తిప్పుకుని నిలబడొచ్చు.

చిక్కల్లా బరువుతోనే. దుకాణంలో జడని నేరుగా విగ్గు జాలీకి హుక్కుతో తగిలిస్తారు. రెండు సీన్లు అయ్యేసరికి జడ వెనక్కి లాగి లాగి విగ్గు ముందంచు వేలెడు పైకి లేస్తుంది, పాపిడిబిళ్ళ కింద సొంత జుట్టు కనిపిస్తుంది. పిన్నులు ఎక్కువ గుచ్చితే నిలుస్తుందనుకుంటారు. నిలవదు, జాలీ చిరుగుతుంది, ఆ డబ్బు అడ్వాన్సులో కోస్తారు. చేయాల్సింది వేరు. రెండంగుళాల వెడల్పు నూలు పట్టీని నుదుటి నుంచి మెడ వెనక దాకా తల చుట్టూ బిగించి, ముడి వెనక వేయాలి. విగ్గు దాని మీద పెట్టాలి. జడ మొదలుని జాలీలోంచి కిందికి దూర్చి ఆ పట్టీకి కట్టాలి. బరువు పట్టీ మోస్తుంది, విగ్గు కదలదు. ఇంకో మాట, విగ్గులన్నీ 22 అంగుళాల తలకి సరిపోయేవే. మగాళ్ళ తలలు చాలావరకు 22న్నర, 23 ఉంటాయి. ముందే టేపు పెట్టి కొలిచి, వెనక ఎలాస్టిక్ ఉన్న విగ్గు ఏదో చూసి ఇవ్వమనండి.

జాకెట్ల దగ్గరికి వస్తే దుకాణం లెక్క ఛాతీతో మొదలై ఛాతీతోనే ఆగిపోయింది. 38 సైజు అంటారు, ఛాతీ సరిపోతుంది కూడా. కానీ ఆడవాళ్ళ కొలతకి కుట్టిన 38 జాకెట్టు భుజం 14, 15 అంగుళాల దగ్గర ఆగుతుంది. మామూలు మగాడి భుజం 17 పైమాటే. పద్యం ఎత్తుకుని చెయ్యి పైకి లేపగానే చంక కింద పర్రుమంటుంది. వీపు మధ్య కుట్టు విప్పించి, హుక్కులు తీయించి, రెండు పక్కలా కాజాలు పెట్టించి నాడాతో లాగి కట్టించుకోండి. సందు మూడు నాలుగంగుళాలున్నా జడా పైటా కలిసి కప్పేస్తాయి. చేతులు మోచేతి దాకా ఉన్న జాకెట్టే అడగండి. వెంట్రుకల గొడవా కండల గొడవా సగం తగ్గుతుంది.

గాజులు 2-6, 2-8 సైజుల్లోనే పెట్టారు. మగచేతికి 2-10 కనీసం, పొలం పని చేసే చేతికి 2-12. సబ్బు రాసి 2-8 ఎక్కించుకున్నవాళ్ళు ఉంటారు. ఎక్కుతుంది, దిగదు. మట్టిగాజులైతే స్టేజీ మీదే పగిలి రక్తం. బజారులో పెద్ద సైజు మెటల్ గాజులు ఒక డజను సొంతంగా కొనుక్కోవడం నయం.

మామూలు చీర పన్నా, అంటే వెడల్పు, 44 అంగుళాలే. నడుము దగ్గర దోపుకున్నది పోగా ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషికి చీలమండలు బయటపడతాయి. చంద్రమతికి అది తప్పు. మారువేషానికి అదే అక్కరకొస్తుంది.

ఇప్పుడు గడ్డం. సున్నా మార్కులు వేసింది ఇక్కడే. డబ్బాలో మొహానికి పూసే లేత గులాబీ పేన్‌స్టిక్ ఒకటి, పౌడరు, కాటుక, లిప్‌స్టిక్, తిలకం ఉన్నాయి. ఎంత నున్నగా గీసినా చర్మం కింద వెంట్రుక నల్లటి నీలంగా కనిపిస్తూనే ఉంటుంది. దాని మీద గులాబీ పూస్తే బూడిదరంగు, ఇంకాస్త మందంగా పూస్తే ఆకుపచ్చదనం. ఇది మన ఒక్కళ్ళ కష్టం కాదు. హాలీవుడ్‌లో ఇద్దరు హీరోలు సినిమాలో చాలాభాగం ఆడవేషంలో తిరిగే 'సమ్ లైక్ ఇట్ హాట్' (1959లో వచ్చింది) తీసినప్పుడు, రంగుల్లో పరీక్షిస్తే వాళ్ళ మేకప్ ఆకుపచ్చగా కొట్టిందనే దర్శకుడు బిల్లీ వైల్డర్ నలుపు తెలుపులోనే ఉంచేశాడు. మనకి ఆ వెసులుబాటు లేదు. పైగా ఊరూరా పసుపు హేలోజన్లు పోయి తెల్ల ఎల్‌ఈడీ ఫోకస్‌లు వచ్చాయి. పసుపు వెలుగు దాచినదాన్ని తెల్ల వెలుగు పట్టిస్తుంది.

విరుగుడు నారింజరంగు. వేషం కట్టడానికి గంట ముందు గీయాలి, అప్పటికప్పుడు కాదు. గీసిన వెంటనే రంగు పడితే మంట పుట్టి చెమట పడుతుంది. చన్నీళ్ళతో కడిగి, పటిక రాసి, ఆరనివ్వాలి. తర్వాత నారింజ కలిసిన ఎర్ర లిప్‌స్టిక్‌ని వేలితో గడ్డం, మీసం చోట మాత్రమే పలచగా, నీలం చచ్చేంత మట్టుకు అద్దాలి. దాని మీద పౌడరు అద్ది రెండు నిమిషాలు ఆగాలి. ఆ పైన పేన్‌స్టిక్. ఇక్కడే అందరూ పాడుచేస్తారు. రుద్దితే కింది నారింజ లేచి మొహమంతా ఇటుకరంగు పాకుతుంది. తడి పిండేసిన స్పాంజితో తట్టాలి, లాగకూడదు. మెడ మరిచిపోకూడదు. మళ్ళీ పౌడరు. మొత్తం అరగంట పని. పేన్‌స్టిక్ మన రంగుకి ఒక్క మెట్టు మాత్రమే తేలికగా ఉండాలి, డబ్బాలోది మూడు మెట్లు తేలిక.

నవమి పందిట్లో ఉక్కకి ఇదంతా రెండో అంకానికి కరుగుతుంది. తుడవద్దు. టిష్యూ అద్ది, చెమట లాగి, పౌడరు కొట్టండి. పుష్యమాసంలో కోతలైన చేలో స్టేజీ కడితే చెమట ఉండదు గానీ మంచుకి పౌడరు ముద్దకడుతుంది, డబ్బా మూత తీసి పెట్టకండి. పాత పెట్టెల్లో అర్దళం పొట్లం కనిపిస్తే మాత్రం మొహానికి పూయకండి. అది హరితాళం, ఆర్సెనిక్ ఉన్న విషం. వేషం విప్పేటప్పుడు ముందు కొబ్బరినూనె, తర్వాతే సబ్బు. ముందే సబ్బు పెడితే రంగు పూర్తిగా వదలక మర్నాడంతా మొహం మురికిగా ఉంటుంది. కోనసీమలో కొబ్బరినూనెకి కరువా!

మీసం తీయనంటే ఏ రంగూ కాపాడలేదు. విజయవాడ కాలేజీలో ఎన్టీ రామారావు గారు నాగమ్మ పాత్రకి మీసం తీయనని పట్టుబట్టి అలాగే ఆడితే 'మీసాల నాగమ్మ' అన్న పేరు వచ్చిందని అందరికీ తెలిసిందే. స్త్రీ పాత్రకి అది పేరు పెట్టి ఏడిపించే తప్పు. మారువేషానికైతే బంగారం. పైట చెంగుతో మూతి కప్పుకుని మాట్లాడేవాడు ఎప్పుడు మరిచిపోయి చెంగు వదులుతాడా అని జనం కాచుక్కూర్చుంటారు.

అందుకే హాస్యానికి తీసుకునేవాళ్ళకి ఒక్క సలహా: కుట్టిన చీర వద్దనండి. కుచ్చిళ్ళు మూసి కుట్టేసి, పక్కన వెల్‌క్రో పెట్టిన చీర అది. అర నిమిషంలో కట్టొచ్చు, స్త్రీ పాత్రకి సీన్ల మధ్య వరమే. మారువేషంలో అతి గట్టి నవ్వు ఎక్కడ వస్తుందంటే, ఆడదిగా తలొంచుకుని నిలబడ్డవాడు కాలవ దాటాల్సి వచ్చేసరికి అలవాటు చొప్పున చీరని లుంగీలా ఎగ్గట్టినప్పుడు. గోదావరి జిల్లాల్లో ఆ కదలిక చూపించి చెప్పనక్కర్లేదు. కుట్టిన చీరలో అది కుదరదు, లాగితే వెల్‌క్రో ఊడి చీరంతా చేతికొస్తుంది. మామూలు చీర కట్టి, కుచ్చిళ్ళకి నడుము దగ్గర ఒక్క పిన్నీసు మాత్రం పెట్టి, కింద వదిలేయాలి. లోపల మోకాళ్ళ దాకా నిక్కరు తప్పనిసరి. రిహార్సల్లో చీరతోనే నాలుగైదుసార్లు ఎగ్గట్టి చూసుకోవాలి, లంగా అంచు కుచ్చిళ్ళకి చిక్కుకుంటే నవ్వు సగంలో ఆగిపోతుంది.

తప్పు దొర్లేది ఒక్కచోటే ఉండాలి. చేతికి వాచీ, మీసం, బొంగురు గొంతు, ఎగ్గట్టుడు అన్నీ పెడితే తోటి పాత్రలు గుడ్డివాళ్ళలా కనిపిస్తారు. 1957 'మాయాబజార్'లో మాయా శశిరేఖని గుర్తు చేసుకోండి. అక్కడ ఆడపిల్ల ఒంట్లో ఘటోత్కచుడున్నాడు. వేషం శశిరేఖదే, సావిత్రి మార్చింది నడక, చూపు, చేతుల విసురు. అదీ ఎవరూ చూడనప్పుడు బయటపెట్టి, ఎవరైనా రాగానే లోపలికి లాక్కునేలా.

స్పాంజి పేడ్లు మందంగా ఉన్నాయి, చెమట పీల్చి బరువెక్కి జారతాయి. లోపల పాత నూలు పంచె మడత పెట్టి, జాకెట్టుకి నాలుగు చోట్ల టాకా వేస్తే నిలుస్తాయి. వాటిని కావాలని జార్చి నవ్వించే పద్ధతికి వచ్చేవి ఈలలే. చప్పట్లు తట్టి హిజ్రాలని వెక్కిరించే సరుకు అంతకంటే చవకబారు, దానికి మారువేషంతో సంబంధమే లేదు.

కాలర్ మైకు సంగతి దుకాణానికి పట్టదు గానీ నగలు వాళ్ళవే కనుక చెప్పాలి. కాసులపేరు మైకుకి తగిలిందంటే ప్రతి డైలాగు వెనకా గరగర. పైట ఎడమ భుజం మీద ఉంటుంది, మైకు కుడివైపు జాకెట్టు అంచుకి పెట్టి, తీగ వీపు మీదుగా జడ కింద దింపండి. కాసులపేరు లోపలి వైపు రెండు చోట్ల జాకెట్టుకి దారంతో కుట్టేస్తే ఊగదు.

స్త్రీ పాత్రకైతే ఈ సెట్టు తీసుకోవచ్చు, గాజులూ రంగూ సొంతంగా తెచ్చుకుంటే. మారువేషానికైతే మామూలు చీర, ముడి విగ్గు, జాకెట్టు మాత్రం విడిగా అడగండి. మొదట కుదరదంటారు, సీజను కాకపోతే 400కి ఇస్తారు.

తిరిగి అప్పగించేటప్పుడు విగ్గు తడిగా పెట్టెలో పెట్టకండి, బూజు పట్టిందని కోస్తారు. జడకుప్పెలు మూడు, కమ్మల స్క్రూలు రెండు, బులాకీ ఒకటి తీసుకునేటప్పుడే వాళ్ళ ఎదురుగా లెక్కపెట్టి చీటీ మీద రాయించండి. స్క్రూలు తక్కువున్న కమ్మలు పెట్టెలో ఎప్పుడూ ఒక జత ఉంటాయి.